ఎస్తేరు టీచర్ గురించి నేను సగమే చెప్పిన సాక్ష్యం

ఎస్తేరు టీచర్ ఇక లేరు. ఈ వార్త నాకు చేరేసరికి ఆమె కన్నుమూసి నాలుగు రోజులైంది. శుక్రవారం ఉదయం లేడీస్ హాస్టల్ ఆఫీసులో ఫోను మోగితే నాకోసమని పిలిచారు. అవతల సరిత. పదో తరగతి వరకు నా పక్కన కూర్చున్న స్నేహితురాలు, ఏడేళ్లుగా నాతో మాట్లాడని మనిషి.

"ప్రమీలా, సరితను మాట్లాడుతున్న. టీచర్ పోయిన్రు. సోమారం పొద్దుగాల పోయిన్రు. నీకు చెప్పాల్నా వద్దా అని నాలుగు దినాలు ఆలోచించిన. తెలిసి చెప్పకపోతె నేను గూడ నీ లెక్కనే అయిత కదా అని చేసిన," అన్నది. నేను ఏదో అనబోయేలోపు పెట్టేసింది. ఆమె ఆ మాట ఎందుకన్నదో ఈ వ్యాసంలోనే చెబుతాను.

ఇలాంటి సందర్భాల్లో దిగ్భ్రాంతి కలిగిందని రాయడం ఆనవాయితీ. నాకు కలిగినది సిగ్గు. ఎం.ఏ. చదవడానికి ఈ క్యాంపస్‌కు తిరిగి వచ్చి రెండేళ్లయింది. హాస్టల్ నుంచి తార్నాకలో టీచర్ ఉండే గల్లీకి నడిస్తే పాతిక నిమిషాలు. ఈ రెండేళ్లలో ఆ పాతిక నిమిషాలు నేను ఒక్కనాడూ నడవలేదు. పోయినవారిని కీర్తించడం లోకమర్యాద. ఆమెను కీర్తించడం ఏమంత కష్టం కాదు. ఆమె పట్ల మేము ఎట్లా ప్రవర్తించామో రాయడమే కష్టం. రెండూ రాస్తాను.

ఆమె మా విశ్వవిద్యాలయ ఉద్యోగుల పిల్లలు చదువుకునే బడిలో వ్యాయామోపాధ్యాయిని. మా నోట డ్రిల్ టీచర్. మెదక్ జిల్లాలో ఒక క్రైస్తవ కూలీ కుటుంబంలో పుట్టారు. మిషన్ హాస్టల్లో చదివి, వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, పాతికేళ్ల వయసులో ఈ బడికి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. పొట్టి మనిషి, గట్టి మనిషి. నేత చీర, కాళ్లకు తెల్లటి కాన్వాస్ బూట్లు, మెడలో ఈల. మైదానం ఆ కొసన ఉన్నవాడికి కూడా వినపడే గొంతు. అదే గొంతు ఒక పిల్లతో ఒంటరిగా మాట్లాడేటప్పుడు పక్క బెంచీకి కూడా వినపడేది కాదు. ఇరవై ఏళ్లు పనిచేసిన తరువాత కూడా రికార్డుల్లో ఆమె తాత్కాలిక ఉద్యోగినే. ఆ ఒక్క మాటే చివరికి ఆమెను బయటికి పంపడానికి మావాళ్లకు పనికొచ్చింది.

మా బడిలో లెక్కలకు ఒక పీరియడు, సైన్సుకు ఒక పీరియడు ఉండేవి. పదమూడో ఏట ఒంటిమీదికి వచ్చే కొత్త రూపానికి, కారణం తెలియని కోపానికి, అద్దం ముందు కలిగే అసహ్యానికి, ప్రపంచమంతా మననే చూసి నవ్వుతున్నదనే భయానికి ఏ పీరియడూ ఉండేది కాదు. కౌమారమనే ఆ సంక్షుభిత కాలాన్ని ఒంటరిగా ఈదవలసిందే. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు డ్రిల్ పీరియడు రాగానే కడుపునొప్పి అని చీటీ రాసుకొచ్చేవాళ్లు. ఒకరోజు స్టాఫ్ రూములో లెక్కల సారు నవ్వుతూ, "వీళ్లది కడుపునొప్పి కాదు ఎస్తేరమ్మా, దొంగనొప్పి," అన్నారు. పుస్తకాలు ఇవ్వడానికి వెళ్లిన నేను గుమ్మంలో ఉన్నాను. టీచర్ తన టీ గ్లాసు కింద పెట్టి, "నొప్పి నిజమే సార్. కడుపుల లేదు, గంతె," అన్నారు. నవ్వలేదు. ఆయన కూడా తరువాత నవ్వలేదు.

చీటీలు తెచ్చిన పిల్లలను ఆమె మైదానంలో నిలబెట్టేవారు కాదు. ఆటసామాను పెట్టే గదిలోకి పంపేవారు. రేకుల కప్పు కింద చిన్న గది. బంతులు, లెజిములు, విరిగిన కారంబోర్డులు, సున్నం బస్తా. అక్కడికి వచ్చిన పిల్లను ఏమైందని అడిగేవారు కాదు. చేతికి పని ఇచ్చేవారు. ఒకరికి బంతిలో గాలి కొట్టే పని, ఇంకొకరికి చినిగిన నెట్టు కుట్టే పని. "కూసొమ్మంటె ఎవ్వరు మాట్లాడరు. చెయ్యి పనిలుంటె నోరు అదే తెరుస్తది," అనేవారు. ఆ గదిలో ఎంతమంది పిల్లలు ఏమేమి చెప్పుకున్నారో నాకు తెలియదు. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడిందని ఎన్నడూ వినలేదు.

యాదగిరి అని మాకంటె ఒక తరగతి ముందు ఉండేవాడు. హాస్టల్ మెస్సులో వంటచేసే ఆయన కొడుకు. తొమ్మిదిలోకి రాగానే అతని గొంతు పగిలింది. మాట మొదలుపెడితే ఒకటి, పూర్తయ్యేసరికి ఇంకొకటి. ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివించినప్పుడు బడి బడంతా నవ్వింది. మరునాటి నుంచి యాదగిరి నోరు తెరవడం మానేశాడు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేవాడు. ఆ ఏడు ఆగస్టు పరేడ్‌కు ఆజ్ఞలిచ్చే నాయకుడిగా టీచర్ అతన్నే పెట్టారు. మొదటిరోజు అతను "సావధాన్" అన్నాడు. మాట మధ్యలో గొంతు కీచుమన్నది. వరుసలన్నీ విరగబడి నవ్వాయి. టీచర్ ఎవరినీ కసరలేదు. నవ్వంతా ఆగేదాకా నిలబడి, "నవ్వుడు అయిందా?" అని మమ్మల్ని అడిగి, అతని వైపు తిరిగి, "మళ్ల చెప్పు కొడుకా. గొంతు కొత్తగ వస్తున్నది. కొత్తది కొంచెం కిర్రుమంటది," అన్నారు. ఇరవైరోజులు రోజూ చెప్పించారు. పరేడ్‌నాటికి నవ్వడానికి మాకేమీ మిగలలేదు. యాదగిరి ఇప్పుడు బస్సు కండక్టరు. తార్నాక స్టాపు పేరు అతను పిలిస్తే రోడ్డు అవతలి మనిషి కూడా తిరిగి చూస్తాడు.

ఇక నా సంగతి.

మా బాపు మనస్తత్వశాస్త్ర ఆచార్యులు. నల్లగొండ జిల్లాలో వ్యవసాయం చేసుకునే ఇంటినుంచి మొదటిసారి చదువుకున్న మనిషి. ఆ రోజుల్లో ఆయన ఒక వారపత్రికలో కౌమారం గురించి ప్రతివారం రాసేవారు. చక్కగా రాసేవారు. నా పద్నాలుగో ఏట ఒక వారం 'నాకు బాగా పరిచయమున్న ఒక బాలిక' గురించి రాశారు. ఆ బాలిక తన ఎత్తుకు సిగ్గుపడి వంగి నడుస్తుంది. తలుపు గడియపెట్టుకుని అద్దంతో పోట్లాడుతుంది. ఒకనాడు తల్లి మీద చెయ్యెత్తి, ఆ తరువాత మంచం కింద దూరి ఏడ్చింది. పేరు రాయలేదు. రాయవలసిన అవసరం లేదు. క్లాసులో అందరికంటె ఎత్తున్నది నేను. మా ఇంటికి ఎదురుగా ఉన్న క్వార్టర్లలో అందరూ ఆ పత్రిక తెప్పించుకునేవాళ్లు. సోమవారం నేను బడికి వెళ్లేసరికి నల్లబల్ల మీద 'బాగా పరిచయమున్న బాలిక' అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది.

ఆనాటినుంచి ఇంట్లో మాట్లాడడం మానేశాను. అమ్మ బతిమాలింది, తిట్టింది, దిష్టి తీసింది. బాపు మాత్రం, "ఈ వయసుల సహజం. వదిలెయ్యి," అన్నారు. ఆయన నా మౌనాన్ని కూడా గమనిస్తున్నారని నాకు తెలుసు. అది కూడా ఏదో ఒక వారం అచ్చవుతుందని నా భయం. మధ్యాహ్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయేదాన్ని. నేనొక ఉదాహరణను, మనిషిని కాదు అనిపించేది.

ఒకరోజు డ్రిల్ పీరియడులో టీచర్ పిలిచారు. "వాలీబాల్ నెట్టు చినిగింది. నీ చేతులు పొడుగున్నయ్. గా కొస నువ్వు పట్టుకుంటె నేను ఈడ కుడత," అన్నారు. అందరూ నవ్విన నా పొడవు ఒక పనికి వస్తుందని అన్న మొదటి మనిషి ఆమె. తొమ్మిదిరోజులు నెట్టు పట్టుకున్నాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. పదోరోజున నేనే అన్నాను.

"టీచర్, మా బాపు నా గురించి పేపర్ల రాసిన్రు."

"చదివిన."

చాలాసేపు దారం లాగుతూ ఉన్నారు. తరువాత, "మంచిగనె రాసిన్రు. కాని నిన్ను అడగలె," అన్నారు.

ఆ మూడు మాటల కోసం నేను ఎన్ని వారాలు ఎదురుచూశానో అప్పుడు తెలిసింది. ఏడ్చాను. ఏడుపు ఆగేదాకా ఆమె దారం లాగుతూనే ఉన్నారు. ఆ తరువాత తన టిఫిన్ తెరిచి జొన్నరొట్టె, టమాట తొక్కు ముందుకు జరిపారు. తిన్నాను. ఆరోజే తన సంగతి చెప్పారు. ఆమె పదిహేనో ఏట, మిషన్ హాస్టల్లో ఉన్నప్పుడు, ఊళ్లో వాళ్లమ్మ పాము కరిచి చనిపోయింది. పరీక్షలు పాడవుతాయని నెలరోజుల పాటు ఎవరూ చెప్పలేదు. సెలవులకని సంచి సర్దుకుని ఇంటికి పోతే అమ్మ లేదు. "పెద్దోళ్లు పిల్లల మంచికే దాస్తరు బిడ్డ. కాని దాచినోళ్లకే మంచిగుంటది," అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు. ముప్పై ఏళ్లలో అది అరిగిపోయి ఉంటుంది.

అప్పుడే ఇంకొక మాట కూడా అన్నారు. నా జీవితంలో నేను విన్న అత్యంత విలువైన మాట అదే గనుక, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అమ్మనాయినలకు అన్నీ చెప్పాలని లేదు. కాని ఎవరికో ఒకరికి చెప్పాలె. ఎవ్వరికి చెప్పకుంట ఒక్కదానివే మొయ్యొద్దు."

నన్ను అడిగి, నేను సరేనన్నాకే ఆమె మా ఇంటికి వచ్చారు. వరండాలో నిలబడే మాట్లాడారు. "సార్, మీరు రాసేది నేను గూడ చదువుత. బాగుంటది. పిల్ల గురించి రాసేటప్పుడు పిల్లను ఒక్కసారి అడిగి రాయుండ్రి," అన్నారు. బాపు నవ్వి, కూర్చోమని, టీ తాగమని అన్నారు. ఆమె తాగి వెళ్లారు. ఆ తరువాత నా గురించి ఆయన ఎన్నడూ రాయలేదు. కాని ఆరోజు అన్నం తినేటప్పుడు అమ్మతో, "డ్రిల్ టీచరమ్మ నాకు సైకాలజీ చెప్పి పోయింది," అన్నారు. హాస్యానికి అన్నట్టే అన్నారు. ఆ మాట ఆయన మరిచిపోలేదని ఏడాదిన్నర తరువాత తెలిసింది.

పదో తరగతి పరీక్షలు ఇంక పన్నెండు రోజులున్నాయనగా సరిత పుస్తకంలో ఒక అబ్బాయి రాసిన ఉత్తరం దొరికింది. సరిత నాన్న విశ్వవిద్యాలయంలో సూపరింటెండెంటు, ఉద్యోగసంఘంలో పెద్దమనిషి. ఆయన బిడ్డను కొట్టారు. జడ కత్తిరించారు. బడి మాన్పించి గదిలో పెట్టి తాళం వేశారు. మూడోరోజు మధ్యాహ్నం వాళ్లమ్మ అన్నం పెట్టడానికి తాళం తీసినప్పుడు సరిత తోసుకుని బయటపడి, చెప్పులు లేకుండా నడిచి తార్నాకలో టీచర్ ఇంటికి చేరింది. నేను వేరే పని మీద వచ్చి ఆ సమయానికి అక్కడే ఉన్నాను. టీచర్ మొదట ఆమె కాళ్లు కడిగారు. ఆ తరువాత తన స్కార్ఫు తెచ్చి తలకు కట్టారు.

"ఇంటికి పంపిస్తరా టీచర్?" అని సరిత అడిగింది.

"పంపిస్త. ఇయ్యాల కాదు. ఇగ కొట్టం అని వాళ్లు మాటిస్తె పంపిస్త. కాని నువ్వు ఈడున్నవని ఇప్పుడే పోయి చెప్పాలె. చెప్పకుంట దాచిపెట్టుడు నాతోని కాదు," అన్నారు.

నన్ను వెంటబెట్టుకుని అప్పటికప్పుడే సరిత వాళ్లింటికి బయలుదేరారు. సాయంత్రం అయిదున్నర అవుతున్నది. వాకిట్లోనే సరిత నాన్న ఎదురయ్యారు. "పిల్ల నా దగ్గర మంచిగున్నది సార్. మీరు కొంచెం శాంతపడుండ్రి. ఎల్లుండి నేనే తోలుకొస్త. పరీక్ష రాయనియ్యుండ్రి," అని టీచర్ అన్నారు. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. ఈ దృశ్యాన్ని చూసిన మూడో మనిషిని నేనొక్కదాన్నే.

రెండోరోజే ఆయన పోలీసులతో టీచర్ ఇంటికి వచ్చి సరితను తీసుకుపోయారు. మైనరు పిల్లను ఎత్తుకుపోయి, తల్లిదండ్రులకు తెలియకుండా దాచిందని, పిల్లలకు తల్లిదండ్రుల మీద ద్వేషం నూరిపోస్తున్నదని బడికి ఫిర్యాదు ఇచ్చారు. సరితను అదేరోజు జనగామ దగ్గర వాళ్ల మేనత్త ఇంటికి పంపించారు. పరీక్షలు పోయాయి. ఫిర్యాదు మీద ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. పిల్లల మనస్తత్వానికి సంబంధించిన విషయం గనుక దానికి అధ్యక్షులుగా బాపును నియమించారు.

టీచర్ తన తరఫున ఒక్క సాక్షి పేరు రాసి ఇచ్చారు. ఆ పేరు నాది.

విచారణకు ముందురోజు సాయంత్రం నేను బాపుకు అంతా చెప్పాను. సరిత కాళ్ల సంగతి, స్కార్ఫు సంగతి, అయిదున్నరకు ఇద్దరం పోయి చెప్పివచ్చిన సంగతి. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "రేపు అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పొద్దు. విచారణ అంటె గట్లనే ఉంటది," అన్నారు. బెదిరించలేదు. అబద్ధం చెప్పమనలేదు. ఆ తరువాత, "నువ్వు ఆమె దగ్గరికి పోతవని నలుగురికి తెలుసు. సైకాలజీ ప్రొఫెసర్ బిడ్డకు డ్రిల్ టీచర్ కావాల్సి వచ్చిందని అంటున్నరు," అన్నారు. ఆయన ముఖంలో అంతటి నొప్పిని నేను అంతకుముందు చూడలేదు. ఏడాదిగా ఆయన మెప్పు కోసం లోలోపల పడి చచ్చే పిల్లను నేను. ఆ నొప్పి నావల్లనే అనుకున్నాను.

హెడ్మాస్టరు గదిలో విచారణ జరిగింది. నన్ను బాపు ప్రశ్నించలేదు. సొంత బిడ్డ గనుక అది పద్ధతి కాదని పక్కనున్న సభ్యుడికి అప్పగించారు. టీచర్ తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"తల్లిదండ్రులకు అన్నీ చెప్పాలని లేదు అని టీచర్ నీతో అన్నదా?" అని ఆయన అడిగారు.

"అన్నరు," అన్నాను.

"అంతే కదా అన్నది?"

ఆ ప్రశ్నలో నాకు దారి ఉన్నది. మిగిలిన మాట చెప్పవచ్చు. నేను బాపు వైపు చూశాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. "అంతే సార్," అన్నాను.

సరిత ఇంటికి పోయిన సంగతి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. ఇంకేమైనా చెప్పేది ఉన్నదా అని ఆ సభ్యుడు చివరికి అడిగినప్పుడు నేను నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. అప్పుడు తలుపు పక్కనుంచి టీచర్ గొంతు వినిపించింది. "పిల్లను ఇగ పంపియ్యుండ్రి సార్. రేపు లెక్కల పరీక్ష ఉన్నది ఆమెకు." ఆ విచారణ మొత్తంలో ఆమె నోరు తెరిచి అడిగినది అదొక్కటే అని తరువాత తెలిసింది. నేను మరునాడు పరీక్ష రాశాను. మంచి మార్కులు వచ్చాయి.

ఆమెను తొలగించినట్టు ఉత్తర్వులు రావడానికి పదిరోజులు కూడా పట్టలేదు. తాత్కాలిక ఉద్యోగిని గనుక కారణం కూడా రాయలేదు. ఆటసామాను గదికి కొత్త తాళం పడింది. ఆమె మల్కాజ్‌గిరిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరి, నర్సరీ పిల్లలకు చేతులు పైకెత్తడం, దించడం నేర్పారు. సరితను మేనత్త ఊరికి పోయి కలిసి, పుస్తకాలిచ్చి, సప్లిమెంటరీ పరీక్ష రాయించింది ఆమే. ఆ తరువాత వాళ్లమ్మను ఒప్పించి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించింది కూడా ఆమే. ఇవన్నీ నాకు నెలరోజుల కిందటే తెలిశాయి. టీచర్ ఇంటికి పోవద్దని నన్ను ఎవరూ ఆపలేదు. నేనే పోలేదు. ఇంటర్ అయిపోగానే డిగ్రీకి వరంగల్ వెళ్లిపోయాను. దూరం పోతే మరుపు వస్తుందని ఆశ.

ఒక్కసారి మాత్రం కలిశాను. డిగ్రీ రెండో ఏట సెలవులకు వచ్చినప్పుడు మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కితే ఆడవాళ్ల సీట్లో ఆమె కూర్చుని ఉన్నారు. తల నెరిసింది, ముఖం ఉబ్బింది. నేను గుర్తుపట్టనట్టు నిలబడ్డాను. ఆమే పలకరించారు.

"ప్రమీల కద? ఇంక ఎత్తయినవ్. వంగకుంట నిలవడ్డవ్. గట్లనే ఉండాలె. తింటున్నవా మంచిగ?"

"తింటున్న టీచర్."

తార్నాక ఇంకా నాలుగు స్టాపులు ఉన్నది. నాలుగు స్టాపుల దూరమూ నేను వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. ఆమె కిటికీలోంచి చూస్తూ మోకాలు నొక్కుకుంటున్నారు. దిగేముందు నా చెయ్యి మీద చెయ్యి వేసి, "పోయొస్త బిడ్డ," అన్నారు. నేను తల ఊపాను. నా అపరాధం గురించి ఆమెతో నేను జరిపిన సంభాషణ మొత్తం అది.

టీచర్ మూత్రపిండాలు చెడిపోయాయని మొదట తెలుసుకున్నది సరితే. తను పనిచేసే ల్యాబుకే టీచర్ రక్తం వచ్చిందట. "రిపోర్టు నా చేతులనే టైపు చేసిన," అన్నది. ఆరునెలలు ప్రభుత్వ ఆసుపత్రికీ ఇంటికీ తిప్పింది. చివరిరోజున పక్కన ఉన్నదీ, స్నానం చేయించి తెల్లచీర కట్టినదీ, సమాధులతోటలో పిడికెడు మట్టి వేసినదీ ఆమే. టీచర్‌కు యాభై దాటి కొద్ది ఏళ్లే. పోవలసిన వయసు కాదు.

ఫోను వచ్చిన మరునాడు నేను తార్నాక వెళ్లి సరితను కలిశాను. టీచర్ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నేను అడిగాను, "నా గురించి ఎప్పుడన్న ఏమన్న అన్నరా?"

"లేదు."

"కోపమున్నదా నా మీద?"

సరిత నా ముఖంలోకి చూసి నిదానంగా చెప్పింది. "కోపం లేదని చెప్తె నీకు మంచిగ నిదుర పడతది. గందుకె చెప్ప. నాకు తెల్వది ప్రమీలా. ఆమె ఎవ్వరి మాట ఎవ్వరికి చెప్పలె. నీ మాట గూడ చెప్పలె."

వారం తరువాత మా బడి ప్రార్థన మందిరంలో సంతాపసభ పెట్టారు. ఆమెను వెళ్లగొట్టిన బడిలోనే, పూలదండ వేసిన ఫోటో ముందు. ఫోటో దొరక్క పాత పరేడ్ గ్రూపు ఫోటోలోంచి ఆమె ముఖాన్ని పెద్దది చేయించారు. అంచున ఎవరిదో పిల్లవాడి భుజం పడింది. ముఖ్యవక్త బాపు. శిక్షణ లేకున్నా సహజమైన సహానుభూతి కలిగిన మహిళ అనీ, ఆమె స్ఫూర్తితోనే తమ శాఖ ఆధ్వర్యంలో కౌమార సలహాకేంద్రాన్ని ప్రారంభించామనీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. ఆ కేంద్రం నేను చూశాను. పొద్దున పదింటినుంచి సాయంత్రం అయిదింటి దాకా తెరిచి ఉంటుంది. గుమ్మంలోనే ఒక రిజిస్టరు. వచ్చిన పిల్ల తన పేరు, తండ్రి పేరు, తండ్రి పనిచేసే శాఖ, వచ్చిన కారణం రాసి లోపలికి పోవాలి. లోపల ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతున్నది.

సభ అయ్యాక బయట మెట్ల దగ్గర బాపును ఆపాను.

"బాపు, ఆరోజు సరిత వాళ్లింటికి మేము పోయొచ్చిన సంగతి నీకు తెలుసు కద. ముందటి దినమే నేను నీకు చెప్పిన."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చెప్పినవ్."

"మరి?"

"కమిటీల చెప్పలె కద నువ్వు."

అంతే అన్నారు. మేమిద్దరం మెట్లు దిగి చెరొక దారిన పోయాం. ఈ వ్యాసాన్ని అచ్చుకు పంపేముందు ఆయనకు ఇచ్చాను. మనిషి గురించి రాసేటప్పుడు ఆ మనిషిని అడగాలని నేను నేర్చుకున్నది ఆయన దగ్గర కాదు. ఆయన ఆసాంతం చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది, "వేసుకో," అన్నారు.

ఎస్తేరు టీచర్ వంటి వ్యక్తులు మళ్లీ పుడతారని ఇలాంటి వ్యాసాల చివర రాస్తారు. నాకు ఆ నమ్మకం లేదు. ఒకే మైదానంలో ఇరవై ఏళ్లు నిలబడి, ఏ పిల్ల ఆటలోంచి పక్కకు జరిగిందో కనిపెట్టిన దృష్టి అది. చదువుతో రాదు, ఉత్తర్వుతో రాదు. దాన్ని మేము చేతులారా పోగొట్టుకున్నాం. ఆమె ముందు నా శిరస్సు వంచుతున్నాను. ఏడేళ్ల కిందట హెడ్మాస్టరు గదిలో చెప్పవలసిన సాక్ష్యాన్ని, వినవలసిన మనిషి లేని ఈ రోజున పూర్తిగా ఇస్తున్నాను. ఇది నివాళి అనిపించుకుంటుందో లేదో పాఠకులే నిర్ణయించాలి.

పోయిన శనివారం ఇల్లు ఖాళీ చేయడానికి సరితా నేనూ అక్కడ ఉన్నాం. మూడున్నర ప్రాంతంలో గేటు దగ్గర ఒక పిల్ల నిలబడింది. పదమూడు, పద్నాలుగేళ్లు ఉంటాయి. బడి దుస్తులు, వీపున సంచి. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటున్నది.

"డ్రిల్ టీచర్ ఉన్నరా?" అని అడిగింది.

ఎట్లా చెప్పాలో తెలియక సరిత నా వైపు చూసింది. నేనే చెప్పాను. "టీచర్ చనిపోయిన్రు బిడ్డ. నెలయింది."

ఆ పిల్ల ముఖంలో ఏమీ కదలలేదు. "సరే," అన్నది.

"లోపలికి రా. మంచినీళ్లు తాగుదువు. ఏం పేరు నీది?" అని సరిత గబగబా మెట్లు దిగింది.

"ఏం లేదు అక్క. ఊకెనే వచ్చిన," అని ఆ పిల్ల వెనక్కి తిరిగింది. పరుగెత్తలేదు, మామూలుగా నడిచింది. మేము గల్లీ చివరికి పోయేసరికి రోడ్డు మీద బళ్ల రద్దీ, స్టాపులో ఆగిన రెండు బస్సులు. అవి కదిలిపోయాక చూస్తే అక్కడ ఎవరూ లేరు. సరిత మరునాడు, ఆ మరునాడు కూడా అదే సమయానికి ఆ గేటు దగ్గర నిలబడింది. నేనూ నిలబడ్డాను. ఆ పిల్ల రాలేదు. ఆమె ఏ బడి పిల్లో, ఏమి చెప్పుకోవడానికి అంతదూరం వచ్చిందో మాకు తెలియదు.